నీలి పసికందుల ప్రాణదాత వివియన్ థామస్

మన సంక్షేమ వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితానికి కొన్ని పేజీలు కేటాయించడం ఎప్పటి నుండో వస్తున్న ఆనవాయితీ. పూలే, అంబేద్కర్, జాషువా వంటి వారి గురించి మన సీనియర్ అన్నలు, అక్కలు ఇంతకు ముందే చక్కగా రాశారు. అందుకని ఈసారి మేము సముద్రాలు దాటి వెళ్లి ఒక నల్లజాతి వడ్రంగి కొడుకు కథ తెచ్చాము. ఆయన పేరు వివియన్ థియోడర్ థామస్. ఆయన డాక్టరు కాదు. కాలేజీ మెట్లు కూడా ఎక్కలేదు. కానీ పుట్టుకతోనే గుండె లోపంతో ఒళ్లంతా నీలంగా మారిపోయే పసిపిల్లలకు చేసే ఆపరేషన్‌ను ప్రయోగశాలలో రూపొందించినవి ఆయన చేతులే. ఆ చేతుల దగ్గర పని నేర్చుకున్నవారు ఆ తర్వాత అమెరికాలో పేరుమోసిన గుండె సర్జన్లు అయ్యారు.

థామస్ 1910 ఆగస్టు 29న అమెరికా దక్షిణాదిన లూసియానా రాష్ట్రంలో జన్మించారు. తల్లిదండ్రులు ఈసారి ఆడపిల్ల పుడుతుందని అనుకుని వివియన్ అని పేరు సిద్ధం చేసుకున్నారట. మగబిడ్డ పుట్టాడు. పేరు మార్చలేదు, స్పెల్లింగులో ఒక అక్షరం మాత్రం మార్చారు. ఆయన తాత బానిస. అమెరికాలో బానిసత్వం 1865లో రాజ్యాంగ సవరణతో రద్దయిన మాట నిజమే. కానీ చట్టం రద్దు చేసినంత తొందరగా మనుషులు రద్దు చేయరు కదా! దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి వేరే బడి, వేరే రైలు పెట్టె, వేరే మంచినీళ్ల కుళాయి. రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్న మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మహాత్మా పూలే 1873లో తన గులాంగిరి గ్రంథాన్ని బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకే అంకితం ఇచ్చారు. అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి ఇద్దరి సమస్యకూ ఉన్న పోలికను ప్రస్తావించారు. కనుక థామస్ కథ మనకు మరీ పరాయి కథేమీ కాదు.

వారి కుటుంబం లూసియానా నుండి టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరానికి వలస వచ్చింది. తండ్రి వడ్రంగి పనిలో ఆరితేరినవారు. తల్లి బట్టలు కుట్టేది. అబ్బాయిలు బడి వదలగానే తండ్రి వెంట పనికి వెళ్లవలసిందే. రంపం, ఉలి, చిత్రిక పట్టడం, కొలత తప్పకుండా అతకడం, ఇవన్నీ థామస్‌కు పదమూడేళ్లకే అలవడ్డాయి. మా నాన్న తాపీ పని చేస్తారు. మేము వేసవి సెలవుల్లో మాలు కలిపి, ఇటుకలు అందించి, ఆ డబ్బులతో జూన్‌లో నోటు పుస్తకాలు కొనుక్కున్న వాళ్లమే. తండ్రి పనిముట్టు పట్టుకుని పెరిగిన పిల్లలకు ఒక లాభం ఉంది. గోడ వంకరగా ఉంటే తూకం గుండు వేయక ముందే కంటికి తెలిసిపోతుంది. ఆ కన్ను థామస్‌కు తరువాత ఎలా పనికి వచ్చిందో ముందు ముందు చూద్దాము.

నాష్‌విల్‌లో నల్లజాతి పిల్లలు చదివే పెర్ల్ హైస్కూలు మంచి పేరున్న బడి. అక్కడ 1929లో థామస్ మంచి మార్కులతో చదువు ముగించారు. డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. అందుకోసం ఏడేళ్లుగా కూలి డబ్బులు బ్యాంకులో దాచుకుంటూ వచ్చారు. ఆ ఊళ్లోనే ఉన్న టెన్నెసీ రాష్ట్ర వ్యవసాయ, పారిశ్రామిక కళాశాలలో చేరాలని అనుకున్నారు. ఆ వేసవిలో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో వడ్రంగి పని దొరికింది. అంతలో పని తగ్గించి మనుషులను తీసేశారు. అదే అక్టోబరులో న్యూయార్కు షేర్ మార్కెట్ కుప్పకూలింది. మనం పదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఆర్థిక మాంద్యం అని చదువుకున్నాము చూడండి, అది ఇదే. పాఠంలో అది రెండు పేరాలు. థామస్ జీవితంలో మాత్రం అది కాలేజీకి పడిన తాళం.

కాలేజీ ఫీజు ఒక సంవత్సరం ఆలస్యం అవుతుందిలే అనుకుని ఆయన మరో పని వెతుక్కున్నారు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పనిచేసే ఒక మిత్రుడు అక్కడ ప్రయోగశాలలో ఒక ఖాళీ ఉందని, కాకపోతే ఆ డాక్టరుతో వేగడం కష్టమని చెప్పాడు. ఆ డాక్టరు ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్. జార్జియా రాష్ట్రం నుండి వచ్చిన తెల్లజాతి సర్జన్. వయసు ముప్పై దాటింది. 1930 ఫిబ్రవరిలో థామస్ వారానికి 12 డాలర్ల జీతానికి చేరారు. ఆ ఏడాదిలోనే నాష్‌విల్‌లో బ్యాంకు దివాళా తీసింది. ఏడేళ్లు దాచుకున్న ఫీజు డబ్బు అందులోనే పోయింది. ఇక ఆ ప్రయోగశాలే ఆయనకు కాలేజీ అయింది.

చేరిన మొదటి రోజు నుండే ఆయన కుక్కలపై జరిగే ప్రయోగాలకు సహాయం చేయవలసి వచ్చింది. కొద్ది వారాల్లోనే మత్తు ఇవ్వడం, కోయడం, రక్తనాళాలను కుట్టడం, రక్తపోటు నమోదు చేయడం నేర్చుకున్నారు. రసాయన శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని రాత్రిళ్లు చదువుకున్నారు. బ్లాలాక్‌కు ఇతర పనులు పెరిగే కొద్దీ ప్రయోగాల భారం ఈయన మీదే పడింది. రోజుకు పదహారు గంటలు పనిచేసిన రోజులు ఉన్నాయి.

ఇక్కడ ఒక సంఘటన తప్పక చెప్పాలి. చేరిన తొలి రోజుల్లోనే ఏదో చిన్న పొరపాటుకు బ్లాలాక్ చిన్నపిల్లవాడిలా రెచ్చిపోయి నోటికి వచ్చినట్లు తిట్టారు. థామస్ ఎదురు అరవలేదు. వెళ్లి బట్టలు మార్చుకుని, బ్లాలాక్ గదిలోకి వచ్చి, తన లెక్క చూసి పంపేయమన్నారు. ఇటువంటి మాటలు పడే పెంపకం తనది కాదని స్పష్టంగా చెప్పారు. 1930లో, దక్షిణాదిన, పంతొమ్మిదేళ్ల నల్లజాతి యువకుడు తెల్ల డాక్టరుతో ఆ మాట చెప్పడం అంటే ఊహించుకోండి! చేతిలో మరో పని లేదు, బయట మాంద్యం. బ్లాలాక్ క్షమాపణ చెప్పి, ఇకపై అలా జరగదని మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. వారిద్దరి ముప్పై నాలుగేళ్ల కలిసి పనికి పునాది అక్కడే పడిందని మా అభిప్రాయం.

వాండర్‌బిల్ట్‌లో వారు చేసిన పెద్ద పని షాక్ మీద. ఇక్కడ షాక్ అంటే కరెంటు షాక్ కాదు. పెద్ద దెబ్బ తగిలిన మనిషి, పైకి అంత రక్తం పోకపోయినా, రక్తపోటు పడిపోయి, ఒళ్లు చల్లబడి చనిపోవడం. నలిగిన కండరాల నుండి ఏదో విషం పుట్టి ఒళ్లంతా పాకుతుందని అప్పట్లో చాలామంది వైద్యులు నమ్మేవారు. బ్లాలాక్, థామస్ కలిసి కుక్కల మీద ఎన్నో ప్రయోగాలు చేసి, దెబ్బ తగిలిన భాగంలోకే రక్తమూ ద్రవమూ చేరిపోయి నాళాల్లో తిరిగే రక్తం తగ్గడమే అసలు కారణమని చూపించారు. కారణం తెలిస్తే వైద్యం తెలిసినట్లే. పోయినంత రక్తాన్ని, ప్లాస్మాను తిరిగి ఎక్కించాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల ప్రాణాలను ఈ జ్ఞానం పెద్ద సంఖ్యలో కాపాడింది. ఈ రోజు రోడ్డు ప్రమాదం జరిగిన వెంటనే చేతికి సెలైన్ సూది పెట్టడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

మరి ఇంత పని చేసిన మనిషి ఉద్యోగం పేరు ఏమిటో తెలుసా? ఊడ్చి తుడిచే పనివాడు! విశ్వవిద్యాలయం రికార్డుల్లో ఆయనది ఆ తరగతి, జీతమూ ఆ లెక్కనే. తోటి నల్లజాతి ఉద్యోగితో మాట్లాడుతుండగా ఈ సంగతి బయటపడింది. థామస్ వెళ్లి అడిగారు. జీతం పెరిగింది. హోదా మార్చారో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. వారి ఇంట్లో అడగడం అందరికీ అలవాటే. ఆయన అన్న హెరాల్డ్ నాష్‌విల్‌లో బడి పంతులు. నల్ల టీచర్లకు తెల్ల టీచర్ల కంటే తక్కువ జీతం ఇస్తున్నారని నగర విద్యా బోర్డు మీద కోర్టుకు వెళ్లి 1942లో గెలిచారు. ఆయన తరఫున నిలబడిన లాయర్లలో థర్గుడ్ మార్షల్ ఒకరు. తరువాత అమెరికా సుప్రీం కోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయింది ఆయనే.

1937లో డెట్రాయిట్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి బ్లాలాక్‌ను రమ్మని పిలిచింది. కానీ నల్లవారికి అక్కడ ఉద్యోగం ఇవ్వరని తెలిసి ఆయన వెళ్లలేదు. 1941లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జరీ విభాగానికి అధిపతిగా పిలిచినప్పుడు థామస్‌ను వెంటబెట్టుకునే వెళ్లారు. అప్పటికి థామస్‌కు పెళ్లయింది. భార్య క్లారా, ఇద్దరు ఆడపిల్లలు. నాష్‌విల్‌లోని సొంత ఇల్లు వదిలి బాల్టిమోర్‌లో అద్దె ఇల్లు వెతుక్కోవడమే పెద్ద యజ్ఞం అయింది. నల్లవారికి ఇచ్చే ఇళ్లు తక్కువ, అద్దెలు ఎక్కువ. ఆసుపత్రిలో నల్లవారు అంటే ఊడ్చేవారు, మోసేవారు మాత్రమే. మరుగుదొడ్లు వేరు. తెల్లకోటు వేసుకుని వరండాలో నడిచి వస్తున్న నల్లజాతి మనిషిని చూసి జనం ఆగి, తిరిగి మరీ చూసేవారు. ఆ చూపులు భరించలేక కొంతకాలం ఆయన భవనం మారేటప్పుడు కోటు విప్పి మామూలు బట్టల్లో వెళ్లేవారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టౌసిగ్. ఈమెదీ ఒక పోరాటమే. హార్వర్డ్‌లో ఆడవారికి వైద్య పట్టా ఇవ్వని రోజుల్లో చదువుకున్నారు. వయసులో ఉండగానే చెవులు వినపడకుండా పోయాయి. గుండె డాక్టరుకు స్టెతస్కోపు వినపడకపోతే ఎలా? వేళ్లను పిల్లల రొమ్ము మీద ఆనించి గుండె కదలికను స్పర్శతో చదవడం నేర్చుకున్నారు. ఆమె దగ్గరికి నీలి పిల్లలు వచ్చేవారు. పెదవులు, గోళ్లు, నాలుక నీలం. నాలుగు అడుగులు నడిస్తే ఆయాసం, గొంతుకు కూర్చుంటే కాస్త ఉపశమనం. చాలామంది బడి వయసు దాటేవారు కాదు.

జంతుశాస్త్రం విద్యార్థులం కనుక కాస్త వివరంగా చెబుతాము. మన గుండెలో కుడివైపు చేరే చెడు రక్తం పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళ్లి ఆక్సిజన్ నింపుకుని ఎడమవైపుకు వస్తుంది. అక్కడి నుండి బృహద్ధమని ద్వారా ఒళ్లంతా వెళుతుంది. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకుగా ఉంటుంది. కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం ఉంటుంది. బృహద్ధమని సరిగ్గా ఆ రంధ్రం మీద కూర్చుని ఉంటుంది. కుడి జఠరిక గోడ మందమవుతుంది. ఈ నాలుగు లోపాలను కలిపి 1888లో వివరించిన ఫ్రెంచి వైద్యుడు ఫాలో పేరుతో దీన్ని పిలుస్తారు. ఊపిరితిత్తులకు వెళ్లవలసిన రక్తం వెళ్లలేక రంధ్రం గుండా దారి తప్పి, ఆక్సిజన్ లేకుండానే ఒంట్లోకి పోతుంది. నీలం రంగు అందుకే.

గర్భంలో ఉన్న శిశువుకు బృహద్ధమని నుండి పుపుస ధమనికి ఒక చిన్న నాళం ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుపోతుంది. ఆ నాళం మూసుకుపోని నీలి పిల్లలు మిగతావారి కంటే మెరుగ్గా ఉన్నారని, మూసుకోగానే క్షీణిస్తున్నారని టౌసిగ్ గమనించారు. అయితే కృత్రిమంగా అటువంటి నాళం ఒకటి పెడితే? 1938లో ఆ నాళాన్ని తొలిసారి విజయవంతంగా మూసిన బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్‌ను మొదట అడిగారు. ఆయన ఆసక్తి చూపలేదు. 1943లో బ్లాలాక్, థామస్‌ల దగ్గరికి వచ్చారు. కుళాయి పనివాడు గొట్టాలు మార్చి బిగించినట్లు ఊపిరితిత్తులకు ఎక్కువ రక్తం వెళ్లే దారి చూడలేరా అన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్న వినగానే ఇద్దరికీ పాత ప్రయోగం ఒకటి గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ల క్రితం వాండర్‌బిల్ట్‌లో మరేదో కారణానికి, చేతికి వెళ్లే ధమనిని తిప్పి పుపుస ధమనికి అతికి చూశారు. అప్పుడు అనుకున్న ఫలితం రాలేదు. ఇప్పుడు అదే ప్రయోగం జవాబుగా నిలబడింది. చేతికి ఎలాగూ చుట్టుపక్కల చిన్న నాళాల ద్వారా రక్తం అందుతుంది.

ఆలోచన టౌసిగ్‌ది, బాధ్యత బ్లాలాక్‌ది, పని మొత్తం థామస్‌ది. బ్లాలాక్ ఈ పనిని పూర్తిగా ఆయనకే అప్పగించారు. థామస్ ముందు ఆసుపత్రి మ్యూజియంలో సీసాల్లో భద్రపరచిన లోపమున్న గుండెలను టౌసిగ్‌తో కలిసి రోజుల తరబడి పరిశీలించారు. తరువాత ఆరోగ్యంగా ఉన్న కుక్కలో నీలి జబ్బు లాంటి స్థితిని కల్పించాలి, కల్పించి మళ్లీ నయం చేయాలి. నాలుగు లోపాలనూ కుక్కలో తయారు చేయడం సాధ్యం కాదు కనుక, చెడు రక్తం ఒంట్లోకి వెళ్లేలా మాత్రం చేసి, ఆపైన ధమనిని తిప్పి కుట్టారు. సుమారు రెండు వందల కుక్కల మీద ఈ పని సాగింది. ఆపరేషన్ తరువాత దీర్ఘకాలం బతికిన మొదటి కుక్క పేరు అన్నా. ఆ అన్నా చిత్రపటాన్ని తరువాత హాప్కిన్స్‌లో గోడకు వేలాడదీశారు. థామస్ చిత్రపటం కంటే ముందే!

పనిముట్ల సంగతి వినండి. పసిబిడ్డ నాళాలు కుట్టే సూదులు, బిగించే క్లాంపులు అప్పటికి ఎక్కడా అమ్మడం లేదు. థామస్ మామూలు సూదులను అర అంగుళం పొడవుకు విరిచి, వెనుక భాగాన్ని బట్టల క్లిప్పుతో పట్టుకుని, గరుకు రాయి మీద నూరి కొత్త మొన తీశారు. దారం పట్టుదారం. వడ్రంగి కొడుకు ఉలికి సాన పట్టినట్లే సూదికి సాన పట్టాడు అనుకోండి. ఇంతకు ముందు కన్ను గురించి చెప్పింది ఇందుకే.

1944 నవంబరు 29. ఐలీన్ అనే ఆడబిడ్డ. వయసు ఏడాది దాటి కొద్ది నెలలు, బరువు సుమారు నాలుగు కిలోలు. ఆక్సిజన్ గుడారం లోనుండి బయటకు తీస్తే బతికేలా లేదు. ఆపరేషన్ తట్టుకోలేదేమోనన్న భయంతో సీనియర్ మత్తు డాక్టరు ఒకరు వెనక్కి తగ్గితే మరో యువ డాక్టరు ముందుకు వచ్చారు. థామస్ ఈ ఆపరేషన్‌ను కుక్కల మీద ఎన్నోసార్లు చేశారు. బ్లాలాక్ చేసినది ఒకే ఒక్కసారి, అదీ థామస్‌కు సహాయకునిగా! తాను ఎదుట ఉంటే డాక్టరు గారు కంగారు పడతారని థామస్ ఆ గదికి వెళ్లకూడదనుకున్నారు. కానీ బ్లాలాక్ కబురు పంపించి పిలిపించుకున్నారు. తన కుడి భుజం వెనుక చిన్న మెట్టు పీట వేయించి దాని మీద నిలబెట్టారు. ఆ బిడ్డ ధమని ప్రయోగశాల కుక్కల ధమనిలో సగం కూడా లేదు. కోత చాలినంత పొడవుందా, ఈ కుట్టు సరైన దిక్కున పడిందా, దగ్గర దగ్గరగా పడుతున్నాయా అని బ్లాలాక్ అడుగుతూ పోయారు. థామస్ మెల్లగా చెబుతూ పోయారు. దేశంలోనే గొప్ప ఆసుపత్రి, దాని సర్జరీ అధిపతి, చుట్టూ పట్టాలు పొందిన డాక్టర్లు. దారి చెబుతున్నది మాత్రం రికార్డుల ప్రకారం ఏ చదువూ లేని మనిషి.

క్లాంపులు తీశారు. కుట్ల నుండి రక్తం కారలేదు. ఐలీన్ బల్ల మీద నుండి ప్రాణంతో దిగింది. మెల్లగా తేరుకుంది. నిజం చెప్పాలంటే ఆ బిడ్డ ఎక్కువ కాలం దక్కలేదు. కొన్ని నెలలకు మళ్లీ నీలం తిరిగింది, మరోసారి ఆపరేషన్ చేసినా బతకలేదు. కానీ దారి ఉందని తేలిపోయింది. 1945 ఫిబ్రవరిలో మరో ఇద్దరు పిల్లలకు చేశారు. అందులో ఆరేళ్ల బాబుకు క్లాంపు తీయగానే పెదవులు ఎర్రబడ్డాయి, ఆపరేషన్ బల్ల మీదే. చూస్తున్నవారి కళ్లు చెమర్చాయని చెబుతారు. మే నెలలో ఈ ముగ్గురు పిల్లల వివరాలు అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయ్యాయి. ఇక దేశ దేశాల నుండి తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకుని బాల్టిమోర్ దారి పట్టారు. ఏడాది తిరిగేలోపు రెండు వందలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. గుండె జోలికి వెళ్లరాదని సర్జన్లు భయపడే కాలం పోయింది.

ఆ వ్యాసంలో థామస్ పేరు లేదు. ఆపరేషన్‌కు బ్లాలాక్-టౌసిగ్ షంట్ అని పేరు స్థిరపడింది. బహుమతులు, విదేశీ పర్యటనలు, ఫోటోలు. 1954లో బ్లాలాక్, టౌసిగ్, గ్రాస్ ముగ్గురికీ ప్రసిద్ధమైన లాస్కర్ అవార్డు వచ్చింది. ఆ గౌరవాల్లో మెట్టు పీట మీది మనిషికి చోటు దక్కలేదు.

బ్లాలాక్‌ను ఏమనాలి? ఈ వ్యాసం రాస్తూ మేము చాలాసేపు ఆలోచించిన ప్రశ్న ఇదే. థామస్ ప్రతిభను గుర్తించారు, వెంట తీసుకువెళ్లారు, చేతిలో ప్రయోగశాల పెట్టారు, అందరి ఎదుట ఆయనను పిలిపించుకుని అడిగి చేశారు. దక్షిణాది తెల్లవాడు ఆ రోజుల్లో ఇది చేయడం చిన్న విషయం కాదు. కానీ కాగితం మీద పేరు రాయడానికి ఒక్క గీత చాలు. ఆ గీత ఆయన కలం నుండి రాలేదు. మేము డిగ్రీ చదివిన కాలేజీలో స్లైడ్లు తయారు చేసి, మైక్రోస్కోపు సరిచేసి, పరీక్ష ముందు రోజు పిల్లలందరికీ గుర్తులు చెప్పి గట్టెక్కించేది ల్యాబ్ అటెండరు గారే. ల్యాబ్ గోడ మీద ఉన్న సిబ్బంది బోర్డులో ఆయన పేరు లేదు. ఎవరూ ద్వేషంతో తీసేయలేదు, ఎవరికీ రాయాలని తోచలేదు, అంతే. బ్లాలాక్ తప్పు కూడా ఇటువంటిదేనని మాకు అనిపిస్తుంది. అంత మాత్రాన అది తప్పు కాకుండా పోదు.

ఆపరేషన్ ప్రపంచ ప్రసిద్ధమైన రోజుల్లోనే థామస్ ఇంటి ఖర్చులకు డబ్బు చాలక, బ్లాలాక్ ఇంట్లో జరిగే విందుల్లో మద్యం అందించే పనికి కూలికి వెళ్లేవారు. పగలు తాను పని నేర్పిన డాక్టర్లకే సాయంత్రం గ్లాసులు అందించాలి. చివరికి 1946లో, జీతం పెరగకపోతే నాష్‌విల్ వెళ్లి వడ్రంగం చేసుకుంటానని తేల్చి చెప్పారు. అప్పుడు జీతం బాగా పెంచారు. అక్కడి నల్లజాతి ఉద్యోగులలో ఆయనదే అత్యధిక జీతం అయింది.

డాక్టరు కావాలన్న కోరిక మాత్రం చావలేదు. 1947లో బాల్టిమోర్‌లోని మోర్గన్ స్టేట్ కళాశాలలో చేరబోయారు. ఇన్నేళ్ల పని అనుభవానికి ఒక్క మార్కు కూడా కలపమని, మొదటి సంవత్సరం విద్యార్థిగానే చేరాలని వారు చెప్పారు. లెక్క వేసుకుంటే వైద్య విద్య పూర్తయ్యేసరికి యాభై ఏళ్లు వస్తాయి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఆలోచన విరమించుకున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. ఇటువంటి వారి కథలు చెప్పి, చూశారా, ప్రతిభ ఉంటే డిగ్రీతో పనేముంది అని ఉపన్యాసాలు ఇచ్చేవారిని మేము విన్నాము. ఆ మాట చెప్పేవారి పిల్లలందరూ డిగ్రీలు చదివినవారే! స్కాలర్‌షిప్ రాలేదనో, ఫీజు కట్టలేదని సర్టిఫికెట్లు ఆపారనో, ఇంట్లో గడవడం లేదనో మన రూముల్లో ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లిపోయినవారు మనందరికీ తెలుసు. థామస్ డిగ్రీ వద్దనుకున్న మనిషి కాదు, దక్కనివ్వని మనిషి. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనుషులం మేము. ఆ కాగితం లేని లోటు ఆయన ముప్పై ఏళ్లకు పైగా జీతంలోనూ, హోదాలోనూ, పేరులోనూ ఎలా భరించారో చదివాక, మా పట్టాను పెట్టెలో నుండి తీసి మరోసారి చూసుకున్నాము.

ప్రయోగశాల మాత్రం ఆయనదే. 1940ల చివరలో పెద్ద రక్తనాళాలు తారుమారైన పిల్లల కోసం, గుండె పై గదుల మధ్య గోడకు దారి చేసే ఆపరేషన్‌ను కూడా ఆయన కుక్కల్లో చేసి చూపించారు. ఆ పనిలో కుట్టు ఎక్కడ పడిందో కనపడనంత నున్నగా ఉండటం చూసి బ్లాలాక్, ఇది మనిషి చేసినట్లు లేదు, దేవుడు చేసినట్లుందని ఆశ్చర్యపోయారట. సర్జరీ నేర్చుకోవడానికి వచ్చిన యువ డాక్టర్లు ముందు థామస్ దగ్గర చేతులు తిప్పుకోవాలి. 1969లో మనిషికి తొలిసారి పూర్తి కృత్రిమ గుండె అమర్చిన డెంటన్ కూలీ ఆయన వద్ద పని చూసి నేర్చుకున్నవారే. ఇంకో సంగతి మాకు చాలా నచ్చింది. లిఫ్ట్ నడిపే ఉద్యోగం వంటి పనుల్లో ఉన్న నల్లజాతి యువకులను తెచ్చి ల్యాబ్ టెక్నీషియన్లుగా తీర్చిదిద్దారు. తరువాతి రోజుల్లో లెవీ వాట్కిన్స్ అనే నల్లజాతి యువ డాక్టరు హాప్కిన్స్‌లో గుండె సర్జరీ శిక్షణకు వస్తే ఆయనకు పెద్దదిక్కుగా నిలిచారు. 1980లో మనిషి ఒంట్లో తొలి ఆటోమేటిక్ డీఫిబ్రిలేటర్‌ను అమర్చినది ఆ వాట్కిన్స్ గారే.

1964లో బ్లాలాక్ కన్నుమూశారు. థామస్ ఆ తరువాత మరో పదిహేనేళ్లు సర్జరీ పరిశోధనశాలలను నడిపి 1979లో పదవీ విరమణ చేశారు. ఈలోగా కాలం కొంత మారింది. ఆయన వద్ద నేర్చుకున్న సర్జన్లు దేశం నలుమూలల నుండి చందాలు వేసుకుని ఆయన చిత్రపటం గీయించారు. 1971లో దాన్ని బ్లాలాక్ చిత్రపటం పక్కనే వేలాడదీశారు. 1976లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అదీ వైద్యంలో ఇవ్వడానికి నిబంధనలు అడ్డు వచ్చాయని న్యాయశాస్త్రంలో ఇచ్చింది. సర్జరీ విభాగంలో బోధకునిగా నియమించింది. ముప్పై అయిదేళ్ల తరువాత ఆ ఆసుపత్రిలో ఆయనను డాక్టర్ థామస్ అని పిలిచారు.

పదవీ విరమణ తరువాత కూర్చుని తన జీవిత కథ రాసుకున్నారు. 1985 నవంబరు 26న క్యాన్సర్‌తో మరణించారు. పుస్తకం ఆయన పోయిన కొద్ది రోజులకే వెలువడింది. 2004లో ఆయన జీవితం మీద టీవీ సినిమా వచ్చాక ఆ పేరు సామాన్య జనానికి కూడా తెలిసింది.

ఫాలో జబ్బుకు గుండె తెరిచి పూర్తిగా సరిచేసే ఆపరేషన్ 1954లోనే వచ్చింది. అయినా పూర్తి ఆపరేషన్ తట్టుకోలేని పసికందులకు ఈ షంట్ ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు. ఇప్పుడు చేతి ధమనిని కోయకుండా మధ్యలో చిన్న కృత్రిమ గొట్టం పెట్టి కుడుతున్నారు. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పిల్లల పుట్టుక గుండె లోపాల ఆపరేషన్లను చేర్చాక పేద ఇళ్ల పిల్లలకు కూడా ఇటువంటి వైద్యం అందుబాటులోకి వచ్చింది. మీ వాడలో, తండాలో పాకే బిడ్డ ఏడ్చినప్పుడల్లా పెదవులు నీలంగా మారుతుంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపే జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లమని చెప్పండి. ఈ మధ్య చాలామంది వైద్యులు ఆ ఆపరేషన్‌ను బ్లాలాక్-థామస్-టౌసిగ్ షంట్ అని రాస్తున్నారు.

జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల 2005 నుండి తన విద్యార్థులను నాలుగు బృందాలుగా చేసి ఒక్కో బృందానికి ఒక మహనీయుని పేరు పెట్టింది. అందులో ఒకటి టౌసిగ్ పేరు, మరొకటి థామస్ పేరు. బ్లాలాక్ పేరుతో బృందం లేదు.